ఒక్క మెతుకు చాలా?

అన్నం ఉడుకుతున్న గిన్నె మూత తీసి, గరిటె కొసతో నాలుగు మెతుకులు పైకి తీస్తారు. వాటిలో ఒకదాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కుతారు. మెత్తగా నలిగి, లోపల పలుకు తగలకపోతే పొయ్యి కట్టేస్తారు. గిన్నెలో ఉన్నవి వేల మెతుకులు, పట్టి చూసింది ఒక్కటి. అయినా ఆ నిర్ణయం తప్పడం చాలా అరుదు. అన్నానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలన్న మాట తెలుగులో సామెతగా నిలిచిపోయింది. శాస్త్రం చదివినవాళ్లు దాన్నే స్థాలీపులాక న్యాయం అంటారు.

అవే బియ్యం బస్తాల్లో ఉన్నప్పుడు లెక్క మారిపోతుంది. కొనే వ్యాపారి మొన తేలిన ఇనుప గొట్టాన్ని బస్తాలోకి గుచ్చి, జారి వచ్చిన గింజల్ని అరచేతిలో పోసుకుంటాడు. నూక ఎంతుంది, రంగు మారిన గింజ ఉందా, మట్టిబెడ్డ ఉందా అని వేలితో కదుపుతూ చూస్తాడు. పైవరసలో ఒక బస్తా చూశాక కింది వరస బస్తా లాగించి మళ్లీ గుచ్చుతాడు. గుప్పెళ్లకొద్దీ చూసినా అతని అనుమానం పూర్తిగా తీరదు. ఇంట్లో అన్నం గిన్నె దగ్గర ఒక్క మెతుకుతో సరిపెట్టుకునేదీ ఈ మనిషే.

గిన్నె దగ్గర ఒకటి ఎందుకు చాలింది, బస్తా దగ్గర వెయ్యి ఎందుకు చాలలేదు? ఆంగ్ల తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ 1843లో వెలువరించిన తర్కశాస్త్ర గ్రంథంలో సరిగ్గా ఇదే ప్రశ్న వేశాడు. రసాయన శాస్త్రజ్ఞుడు కొత్త పదార్థాన్ని ఒక్కసారి శ్రద్ధగా పరీక్షించి దాని గుణం ఇదీ అంటే అందరూ ఒప్పుకుంటారు. కాకులన్నీ నల్లనివే అనడానికి మాత్రం లెక్కలేనన్ని కాకుల్ని చూసినా పూర్తి భరోసా రాదు. ఈ తేడా ఎందుకో చెప్పగలిగినవాడు ప్రాచీన జ్ఞానులకంటే ఎక్కువ తర్కం తెలిసినవాడని మిల్ అన్నాడు. ఆయన అతిశయోక్తి చెప్పలేదు. చూసిన కొన్నింటి నుంచి చూడని అన్నింటి గురించి చెప్పడాన్ని ఆగమన తర్కం అంటారు (బీఈడీ, డీఎస్సీ పుస్తకాల్లో ఆగమన పద్ధతి, నిగమన పద్ధతి అని చదివిన మాటే ఇది). దాని చిక్కులన్నీ ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

సంఖ్య పెంచితే సరిపోతుందనుకునేవాళ్లకు 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలు గుర్తుచేయాలి. లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక సుమారు కోటి మందికి కార్డులు పంపి, 20 లక్షలకు పైగా జవాబులు రాబట్టి, రూజ్‌వెల్ట్ ఓడిపోతాడని తేల్చింది. ఆయన 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. పత్రిక చిరునామాలు తీసుకున్నది ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి. ఆర్థిక మాంద్యం నడుస్తున్న కాలంలో ఫోనూ కారూ ఉన్నవాళ్లు ఎవరు? పైగా పనిగట్టుకుని జవాబు రాసేవాళ్లు ఎవరు? గొట్టం 20 లక్షల సార్లు గుచ్చారు, అన్నీ పైవరస బస్తాల్లోనే.

ఇక్కడ తెలుగు మాట ఒకటి ఆసక్తి కలిగిస్తుంది. సంస్కృత తర్కంలో అనుమానం అంటే తెలిసినదాని ఆధారంగా తెలియనిదాన్ని నిర్ణయించడం. కొండ మీద పొగ చూసి అక్కడ నిప్పుందని తెలుసుకోవడం అనుమానం. వాడుక తెలుగులో అనుమానం అంటే సందేహం. నిర్ణయానికి పేరైన మాట సందేహానికి పేరైంది. భాషలో ఇది ఎలా జరిగినా, తత్వశాస్త్రంలో మాత్రం రెండు అర్థాలూ ఎప్పుడూ జంటగానే ఉన్నాయి.

ఆ సందేహాన్ని ఐరోపాలో అందరికంటే పదునుగా చెప్పినవాడు స్కాట్లండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్. 1739లో మొదటి పుస్తకం అచ్చయ్యేనాటికి ఆయనకు 30 ఏళ్లు కూడా లేవు. రొట్టె తింటే ఆకలి తీరుతుందని నిన్నటిదాకా చూశాం, రేపటి రొట్టె కూడా తీరుస్తుందని ఏ ఆధారంతో అంటాం అన్నది ఆయన ప్రశ్న. రెండు రెండ్లు నాలుగు అన్నంత గట్టిగా దీన్ని రుజువు చేయలేం. రేపటి రొట్టె విషమైందని ఊహించడంలో వైరుధ్యమేమీ లేదు. పోనీ, ఇంతవరకూ గతాన్ని నమ్మి భవిష్యత్తు గురించి చెప్పినవి నిజమయ్యాయి కదా, ఇకముందూ అవుతాయి అందామా? దేన్ని నిరూపించాలో దాన్నే ఆధారంగా వాడుకున్నట్టవుతుంది. గతం భవిష్యత్తుకు పూచీ అన్న మాటకు గతాన్నే సాక్షిగా పిలిచాం. తన నిజాయితీకి తానే సాక్ష్యం చెప్పుకునేవాడి మాట ఏ కోర్టులో చెల్లుతుంది?

హ్యూమ్ దీనికి చెప్పిన సమాధానం చాలామందికి మింగుడుపడలేదు. మనం ఇలా ఆలోచించడానికి కారణం తర్కం కాదు, అలవాటు అన్నాడు. మళ్లీ మళ్లీ జంటగా చూసిన రెండింటిలో ఒకటి కనబడగానే మనసు రెండోదాని వైపు దానంతటదే పోతుంది. అలాగని ఆయన రొట్టె తినడం మానమనలేదు. ఇలాంటి ఆలోచనలతో బుర్ర వేడెక్కినప్పుడు భోంచేసి, బ్యాక్‌గామన్ అనే పాచికలాట ఆడి, మిత్రులతో కబుర్లు చెప్పుకుంటే సందేహాలు చల్లారిపోతాయని తనే రాసుకున్నాడు. చల్లారడం వేరు, తీరడం వేరు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

అలవాటుకు ఎంత విలువ ఇవ్వాలో లెక్కగట్టే ప్రయత్నం ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ చేశాడు. చరిత్రకు తెలిసిన 5,000 ఏళ్లు, అంటే 18,26,213 రోజులు సూర్యుడు ఉదయించాడనుకుంటే, రేపు కూడా ఉదయిస్తాడనడానికి 18,26,214కి 1 చొప్పున పందెం కాయవచ్చని ఆయన సూత్రం చెబుతుంది. ఈ లెక్కను ఎగతాళి చేసినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది పట్టించుకోనిది లాప్లాస్ రాసిన తర్వాతి వాక్యం. పగళ్లనూ రుతువులనూ నడిపించే సూత్రం తెలిసినవాడికి ఈ నమ్మకం ఇంకా ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుందని ఆయన వెంటనే అన్నాడు. ఉత్త లెక్క చూసేవాడికీ, భూమి తిరుగుతోందని తెలిసినవాడికీ ఉన్న తేడా అది. ఒకడు ఉదయాల్ని లెక్కపెట్టాడు, మరొకడికి గిన్నె సంగతి తెలుసు.

రోజూ మేత వేసే చేతిని చూసి పరుగెత్తుకొచ్చే కోడిని 1912లో ఆంగ్ల తత్వవేత్త బెర్ట్రండ్ రసెల్ ఉదాహరణగా చూపించాడు. చివరికి ఒకరోజు ఆ చెయ్యే దాని మెడ విరుస్తుంది. కోడి దగ్గర ఉన్న సాక్ష్యం తక్కువేమీ కాదు. ప్రతి ఉదయం ఒక సాక్ష్యం కలుస్తూ వచ్చింది, చివరి రోజున దాని నమ్మకం అన్ని రోజులకంటే గట్టిగా ఉంది. దానికి తెలియనిదల్లా మేత ఎందుకు వేస్తున్నారన్నది.

ఈ 'ఎందుకు' దగ్గర భారతీయ తార్కికులు చేసిన కృషికి తెలుగు పాఠకుల్లో రావలసినంత గుర్తింపు రాలేదు. హ్యూమ్‌కు శతాబ్దాల ముందే, పరలోకాన్ని నమ్మని భౌతికవాదులైన చార్వాకులు అదే సందేహాన్ని లేవనెత్తారు. 14వ శతాబ్దంలో మాధవాచార్యుల పేరిట వెలువడిన సర్వదర్శన సంగ్రహం వాళ్ల వాదాన్ని క్లుప్తంగా భద్రపరిచింది. పొగ ఉన్న ప్రతిచోటా నిప్పుంటుందన్న నియమాన్ని వ్యాప్తి అంటారు. ఈ వ్యాప్తి ఎలా తెలిసింది? కంటితో అంటారా, కంటికి కనబడేది ఎదుట ఉన్నదే గాని నిన్నటి పొగలు, రేపటి పొగలు కావు. అనుమానంతో అంటారా, ఆ అనుమానానికి ఇంకో వ్యాప్తి కావాలి, దానికి మరొకటి, అలా ఎక్కడా ఆగదు. అందరు చార్వాకులూ ఒకే గొంతుతో మాట్లాడలేదు కూడా. రోజువారీ వ్యవహారంలో అనుమానం పనికొస్తుందనీ, ఎవరూ చూడని పరలోకం గురించి దాన్ని వాడటమే తప్పనీ పురందరుడనే చార్వాకుడు అన్నట్టు బౌద్ధ పండితుడు కమలశీలుడు ఉటంకించాడు. చూసిన మేరకు నమ్ము, ఎన్నడూ చూడని చోటికి దాన్ని లాక్కుపోకు అన్న ఈ హద్దు చాలా ఆలోచించదగ్గది.

నైయాయికులు, అంటే న్యాయ దర్శనాన్ని అనుసరించే తార్కికులు, ఈ దాడిని తేలిగ్గా తీసుకోలేదు. వాళ్ల దగ్గర ఉన్న మంచి పనిముట్టు ఉపాధి (ఇక్కడ దాగి ఉన్న షరతు అని అర్థం) అనే భావన. పొగ ఉంటే నిప్పుంటుంది, సరే. నిప్పుంటే పొగ ఉంటుందా? వంటింట్లో, యాగశాలలో, అడవిలో వందసార్లు రెండూ కలిసి కనబడతాయి. కాని కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుప గుండును చూడండి. నిప్పుంది, పొగ లేదు. కారణం పొగకు పచ్చికట్టె కావాలి. ఇంతకాలం పొగను తెచ్చింది ఒట్టి నిప్పు కాదు, తడి కట్టెతో కలిసిన నిప్పు. కనబడకుండా లోపల ఉండి పని చేయించిన ఆ తడే ఉపాధి.

అన్నం గిన్నెలోనూ ఇలాంటి ఉపాధులు ఉన్నాయి. ఒకే రకం బియ్యం, ఒకే నీళ్లు, కిందనుంచి ఒకే మంట, మరిగే నీటిలో పైకీ కిందికీ తిరిగే మెతుకులు. ఇవన్నీ కుదిరాయి కాబట్టి ఒక్క మెతుకు మిగతా వాటి తరఫున మాట్లాడగలుగుతోంది. కొత్త బియ్యంలో పాత బియ్యం కలిపి వండితే ఆ హక్కు పోతుంది. కొత్తవి తొందరగా మెత్తబడి ముద్దవుతాయి, పాతవి ఇంకా నీళ్లూ సమయమూ అడుగుతాయి. వేలికి తగిలింది కొత్త మెతుకైతే పొయ్యి ముందే కట్టేస్తారు.

అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం ఇప్పటికీ తర్కం నేర్చుకునేవాళ్ల మొదటి పుస్తకం. 17వ శతాబ్దానికి చెందిన ఈ పండితుడు తెలుగువాడు. కాశీకి వెళ్లినంత మాత్రాన ప్రతి బ్రాహ్మణుడూ అన్నంభట్టు అయిపోడన్న నానుడి ఆయన మీదే పుట్టింది. వంటిల్లు మొదలైన చోట్ల పొగనూ నిప్పునూ పదేపదే కలిపి చూడటం వల్ల వ్యాప్తి తెలుస్తుందని మూలంలో రాశాడు. ఆ మూలానికి తానే రాసిన దీపిక అనే వ్యాఖ్యలో వెంటనే తనను తానే నిలదీశాడు. పృథివికి సంబంధించిన వస్తువులన్నీ ఇనుముతో గీస్తే గీతపడతాయని వందలసార్లు చూశాం. వజ్రం దగ్గర ఆ నియమం చెల్లలేదు. మరి పదేపదే చూసి ఏం లాభం? ఆయన జవాబు: కలిసి ఉండటాన్ని చూడటంతో పాటు, ఎక్కడా అది తప్పినట్టు తెలియకపోవడం కూడా ఉండాలి. తప్పుతుందేమోనన్న శంక ఉంటే తర్కంతో దాన్ని తొలగించుకోవాలి.

ఆ వజ్రం ఉదాహరణ గట్టిది. కృష్ణా తీరాన కొల్లూరు గనుల్లో వజ్రాలు తవ్వుతున్న శతాబ్దం అది, వజ్రం ఆ నేల మనుషులకు ఉత్త మాట కాదు. వంద రాళ్లను గీసినవాడి కంటే, గీతపడని రాయి కోసం వెతికినవాడికి నియమం గురించి ఎక్కువ తెలుస్తుంది. ఐరోపాలో తెల్ల హంసల కథా ఇదే. నల్లహంస అంటే దొరకనిదానికి ఉపమానంగా రోమన్ల కాలం నుంచీ వాడారు. 1697లో డచ్చి నావికుడు విల్లెం డి వ్లమింగ్ బృందం పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఒక నదిలో వాటిని కళ్లారా చూసింది.

అయినా హ్యూమ్ వెనక్కి తగ్గడు. గిన్నె సంగతి తెలుసంటున్నావు, అది నీకెలా తెలిసింది, ఇంతకుముందు వండిన గిన్నెల్ని బట్టి కాదా అని అడుగుతాడు. అవును. ఉపాధి లేదని తేల్చుకోవడమూ అనుభవం మీదే ఆధారపడింది. చార్వాకులూ ఈ మాటే అన్నారు, కనబడని ఉపాధి లేదని ఎలా చెబుతారని. ప్రశ్న ఒక మెట్టు కిందికి దిగిందే గాని పోలేదు. దాన్ని దాచిపెట్టి ఆగమన తర్కాన్ని సమర్థించడం పాఠకుణ్ణి మోసం చేయడమే.

ఇక్కడ నైయాయికుడు ఉదయనాచార్యుడు వేరే దారి పట్టాడు. న్యాయకుసుమాంజలిలో ఆయన అడిగింది ఇది: వేరే కాలంలో, వేరే దేశంలో ఈ నియమం తప్పవచ్చని శంకిస్తున్నావే, ఆ కాలం, ఆ దేశం ఉన్నాయని నీకు చెప్పింది అనుమానం కాదా? శంకకూ హద్దుంది, నీ నడవడికకే అది ఎదురు తిరిగిన చోట అది ఆగిపోవాలి. 12వ శతాబ్దంలో అద్వైత పండితుడు శ్రీహర్షుడు ఉదయనుడు ఈ మాట చెప్పిన శ్లోకంలోనే కొద్ది మాటలు మార్చి దాన్ని తలకిందులు చేశాడు. ఎదురు తిరగడం ఉందంటే శంక ఉన్నట్టే కదా, మరి శంకకు హద్దు ఎక్కడిదని! తర్వాత మిథిలలో నైయాయికుడు గంగేశుడు తత్త్వచింతామణిలో చర్చను మళ్లీ వంటింటికే తెచ్చాడు. పొగ కావాలనుకున్నవాడు నిప్పే రాజేస్తాడు. ఆకలేస్తే అన్నమే తింటాడు. ఎదుటివాడికి తెలియజెప్పాలంటే మాటే వాడతాడు. ఇవన్నీ మామూలుగా చేస్తూ, వీటి మధ్య సంబంధాన్ని శంకిస్తున్నానంటే అది నిజమైన శంక ఎలా అవుతుంది?

గంగేశుడి జవాబులో హ్యూమ్ కోరిన రుజువు లేదు. భోజనం దగ్గర కూర్చున్న హ్యూమ్ మాత్రం ఇందులో ఉన్నాడు. ఇద్దరూ చూసింది ఒకే దృశ్యం. ఒకరికి అది తర్కం ఓడిపోయిన చోటు, మరొకరికి శంక ఓడిపోయిన చోటు. ఈ వ్యాసం మొగ్గు గంగేశుడి వైపే. చేతల్లో ఎక్కడా కనబడని సందేహానికి, చేతుల్ని ఆపే సందేహంతో సమానమైన బరువు ఇవ్వనక్కర్లేదు. బస్తా ముందు వ్యాపారి సందేహం రెండో రకం. అది అతనితో అడుగు బస్తా లాగిస్తుంది.

కారణం తెలిసినా తప్పు జరగవచ్చని చెప్పే చరిత్ర ఒకటుంది. యురేనస్ గ్రహం లెక్క ప్రకారం నడవకపోతే, అవతల కనబడని గ్రహమేదో దాన్ని లాగుతోందని ఫ్రెంచి ఖగోళవేత్త లెవెరియే లెక్కగట్టాడు. 1846 సెప్టెంబరు 23 రాత్రి బెర్లిన్‌లో గాలె టెలిస్కోపు తిప్పితే, చెప్పినచోటికి దాదాపు ఒక్క డిగ్రీ దూరంలోనే నెప్ట్యూన్ దొరికింది. తర్వాత బుధుడి కక్ష్యలోనూ చిన్న తేడా కనబడింది. లెవెరియే అదే తర్కం వాడాడు, సూర్యుడికి దగ్గరలో ఇంకో గ్రహం ఉండాలన్నాడు. దానికి వల్కన్ అని పేరు పెట్టి దశాబ్దాలపాటు వెతికారు, దొరకలేదు. శతాబ్దానికి 43 ఆర్క్ సెకన్ల (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) ఆ తేడాను 1915లో ఐన్‌స్టీన్ కొత్త గురుత్వ సిద్ధాంతం వివరించింది. అదే మనిషి, అదే న్యూటన్ సూత్రం, అదే పద్ధతి. కాని సూర్యుడికి అంత దగ్గరలో న్యూటన్ సూత్రమే కొంచెం తప్పుతుంది. మారింది గిన్నె.

20వ శతాబ్దంలో అమెరికా తత్వవేత్త నెల్సన్ గుడ్‌మన్ ఇంకో రకం చిక్కు తెచ్చాడు. తెలుగులో అది మరీ వింతగా కనబడుతుంది. ఇంతవరకూ చూసిన మరకతాలన్నీ ఆకుపచ్చగా ఉన్నాయి కాబట్టి ఇకపై చూసేవీ ఆకుపచ్చగానే ఉంటాయంటాం. ఇప్పుడు 'ఆకునీలం' అని ఒక మాట కల్పిద్దాం. ఫలానా తేదీకి ముందు పరీక్షించినదైతే ఆకుపచ్చగా, లేకపోతే నీలంగా ఉన్నది ఆకునీలం. ఇంతవరకూ చూసిన ప్రతి మరకతమూ ఆకునీలమే! అంటే అవే సాక్ష్యాలు, అంతే బలంగా, ఆ తేదీ తర్వాత చూడబోయే మరకతాలు నీలంగా ఉంటాయని చెబుతున్నాయి. ఏ మాటతో సాధారణీకరించాలో సాక్ష్యం చెప్పదు. వాడుకలో పాతుకుపోయిన మాటలకే ఆ అర్హత అని గుడ్‌మన్ 1955లో వచ్చిన పుస్తకంలో అన్నాడు.

ఏ భాష వాడుక? తెలుగులో మరకతం పేరే పచ్చ, పచ్చలన్నీ పచ్చనివే అంటే చూసి తెలుసుకోవలసింది పెద్దగా ఏమీ ఉండదు. పైగా పచ్చ అనే పాత మాట ఆకు రంగుకూ పసుపు రంగుకూ ఉమ్మడిది. పచ్చగడ్డి ఒక రంగు, పచ్చకామెర్లు ఇంకో రంగు. చెట్టు మీద లేత ఆకు పచ్చగా ఉంది, పండి రాలబోయే ఆకూ పచ్చగానే ఉంది. రంగు మారిందని ఒక భాష చెప్పే చోట ఇంకో భాష మారలేదనగలదు. మాటలు పాతుకుపోవడం నిజమే గాని, ప్రకృతి ఆ మాటల గీతల వెంటే నడుస్తుందని ఎవరు హామీ ఇచ్చారు? గుడ్‌మన్ ప్రశ్న ఆయన జవాబుకంటే బలమైనది.

తత్వవేత్త కార్ల్ పాపర్ అసలు ఆగమన తర్కమే వద్దన్నాడు. సిద్ధాంతాల్ని ఊహించు, వాటిని కూలదోయడానికి ప్రయత్నించు, కూలనివాటిని ప్రస్తుతానికి ఉంచుకో అన్నది ఆయన మార్గం. ప్రయోగశాలలో ఇది మంచి క్రమశిక్షణ, అన్నంభట్టు వజ్రానికి దగ్గరి చుట్టం. ఏరు దాటాల్సిన లారీ డ్రైవరుకు మాత్రం ఇది చాలదు. పదేళ్లుగా లారీలు నడుస్తున్న వంతెన, నిన్న కట్టిన వంతెన పక్కపక్కనే ఉంటే పాతదాన్నే ఎక్కడం తెలివైన పని అనడానికి, గతం భవిష్యత్తు గురించి ఏదో చెబుతుందని ఒప్పుకోవాలి. పాపర్ అక్కడ ఇబ్బంది పడ్డాడు.

ఈ గొడవ పుస్తకాలకే పరిమితం కాదని 2021 వేసవి గుర్తున్న ప్రతి ఇంటికీ చెప్పవచ్చు. కరోనా రెండో దశలో గుంటూరు నుంచి ఆదిలాబాద్ దాకా జనం వేలికి ఆక్సీమీటరు క్లిప్పు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి అంకె కోసం చూశారు. 94 కంటే తగ్గితే టెన్షన్, ఫోన్లు, బెడ్ కోసం పరుగులు. ఆ క్లిప్పు రక్తంలో ఆక్సిజన్‌ను నేరుగా కొలవదు. ఎరుపు కాంతినీ, కంటికి కనబడని పరారుణ కాంతినీ వేలిగుండా పంపి, ఏది ఎంత మిగిలిందో చూస్తుంది. ఆ నిష్పత్తికి ఏ శాతం అని రాసుకోవాలో కొందరు ఆరోగ్యవంతులైన వాలంటీర్ల మీద ముందే తేల్చి పెడతారు. వాళ్లకు ఆక్సిజన్ తగ్గించిన గాలి పీల్పించి, ధమని రక్తం తీసి పరీక్షించి, రెండు అంకెల్నీ జత చేస్తారు. ఆ కొద్దిమంది వేళ్ల నుంచి ప్రపంచంలోని వేళ్లన్నింటి గురించీ చెబుతున్నామన్నమాట. అచ్చమైన ఆగమన తర్కం ఇది.

2020 డిసెంబరులో మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యులు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పరిశీలన ప్రచురించారు. మీటరు 92 నుంచి 96 మధ్య చూపిస్తున్నా, ధమని రక్తంలో నిజంగా 88 కంటే తక్కువ ఉన్న సందర్భాలు తెల్లజాతి రోగుల్లో 3.6 శాతమైతే, నల్లజాతి రోగుల్లో 11.7 శాతం. చర్మం రంగు ఇక్కడ ఉపాధి. పచ్చికట్టెలో తడిలాగా అది లోపలే ఉండి పని చేసింది, చాలాకాలం పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి కనబడలేదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013 మార్గదర్శకాలు ఇలాంటి పరీక్షకు కనీసం 10 మంది ఉండాలన్నాయి, వాళ్లలో ముదురు చర్మం ఉన్నవాళ్లు కనీసం ఇద్దరు, లేదా మొత్తంలో 15 శాతం. వాలంటీర్ల ప్రాణానికి ముప్పు కాబట్టి ఆక్సిజన్‌ను సుమారు 70 శాతం కంటే కిందికి దించరు. అంతకంటే తక్కువ అంకె తెరమీద కనబడితే, ఆ అంకె దగ్గర మీటరును సాధారణంగా రక్తంతో సరిచూసి ఉండరు. పైన కొలిచిన గీతను కిందికి పొడిగించి రాసినది అది.